ఏడోసారి చూసిన సంచి

ఈ కథలో ఆవగింజంత అతిశయోక్తి కూడా లేదు. పుట్టి బుద్ధెరిగాక నా నోట ఒక్క కోత కూడా రాలేదని మా ఇంట్లోవాళ్ళు తప్ప అందరూ ఒప్పుకుంటారు. కాబట్టి నిశ్చింతగా చదవండి.

అట్టపెట్టెల కార్ఖానాలో స్టోరు గుమాస్తాకి ఆ పొద్దున రెండే పనులు. తొమ్మిదిన్నరకి వాచ్‌మన్ పుస్తకం మేనేజరు బల్లమీద పెట్టడం, పదింటికి తన నిద్ర పుస్తకం డాక్టరమ్మకి చూపించడం. ఇంతే. కానీ ఆయన్ని కార్ఖానాలో అందరూ "మళ్ళీచూద్దాం గారు" అని ఊరికే పిలవరు. తాళం వేస్తే వెనక్కొచ్చి లాగి చూస్తాడు. లాగినందుకు ఊడిందేమోనని ఇంకోసారి చూస్తాడు. పగలు ఇలా గడిచిపోయినా, రాత్రి పక్కమీద వాలగానే గుండె దడదడలాడుతుంది. నిద్ర పట్టదు. పట్టనందుకు మర్నాడంతా చిరాకు, ఆ చిరాకుకి దిగులు, ఆ దిగులుకి మళ్ళీ నిద్ర లేదు. ఇది ఆందోళన జబ్బేననీ, సిగ్గుపడాల్సిందేమీ లేదనీ డాక్టరమ్మ చెప్పి, మందుతోపాటు ఒక పని కూడా పెట్టింది. రాత్రి ఎప్పుడెప్పుడు మేలుకున్నాడో, ఎందుకు లేచాడో, తెల్లారాక మనసు పదికి ఎంత ఉందో మూడు వారాలపాటు పుస్తకంలో రాయాలి.

ఇక వాచ్‌మన్. ఆయన గుమాస్తా భార్యకి స్వయానా చిన్నాన్న. కళ్ళజోడు పెట్టుకున్నా అక్షరాలు చీమల్లా పాకిపోతున్నాయని, డ్యూటీ దిగాక అల్లుడి బల్ల దగ్గరికొచ్చి నోటితో చెప్పి రాయించుకునేవాడు. చెప్పడమంటే, "నిన్నటిదే దించెయ్యి అల్లుడూ" అనడమే. అలా రెండు పుస్తకాల్లోనూ ఒకటే చేతిరాత. పైగా రెండూ ఒకే దుకాణంలో కొన్న నీలం అట్ట పుస్తకాలు.

కొత్తగా వచ్చిన మేనేజరుకి నెలరోజులుగా వాచ్‌మన్ మీద అనుమానం. "రేపు పుస్తకం పంపించండి. ముసలాయన నిద్రపోతున్నాడని తేలిందా, ఒకటో తారీఖు నుంచి రానక్కర్లేదు" అని ముందురోజు గుమాస్తాతో అనేశాడు. అందుకే గుమాస్తా ఆ పొద్దున "వాచ్‌మన్‌ది", "నాది" అని రెండు చీటీలు రాసి, పుస్తకాల్లో పెట్టి, పుస్తకాలను సంచిలో పెట్టాడు. తీసి చూశాడు. పెట్టాడు. తీసి చూశాడు.

"ఏమండీ, వాటికి కాళ్ళు లేవు. బయల్దేరండి" అంది భార్య.

"ఒక్కసారి చూసుకుంటే పోయేదేముందే?"

"ఆరుసార్లు చూశారు. నేను లెక్కపెడుతూనే ఉన్నా."

ఆరుసార్లూ అన్నీ సరిగానే ఉన్నాయి. ఏడోసారి చూసినందుకే చీటీలు తారుమారయ్యాయి.

చీటీ చూసి ఒక పుస్తకం మేనేజరు బల్లమీద పెట్టి, రెండోది డాక్టరమ్మ చేతిలో పెట్టాడు. తెరవగానే ఆవిడ కళ్ళు చేటలంతయ్యాయి. పైకే చదివింది. "'రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు అంతా ప్రశాంతం. ఎవరూ రాలేదు, ఎవరూ పోలేదు.' మర్నాడూ ప్రశాంతమే! ఎవరూ రాలేదంటే, పీడకలలు కూడా పోయాయన్నమాట!"

గుమాస్తా పుస్తకం కోసం చెయ్యి చాపాడు. "అది... అది కాదండీ..."

"ఉండండుండండి. 'కుక్కలు రెండు వచ్చాయి. వాటి దారిన అవి పోయాయి.' అబ్బ, ఎంత బాగా రాశారండీ! ఆలోచనలొచ్చినా వెంటపడకుండా పోనివ్వమని నేను చెప్పిందే కదా ఇది!"

ఆయన నోరు తెరిచేలోపే ఆవిడ తలుపు తెరిచింది. ఆయన్ని భుజం పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చి, "చూడండి, మూడే మూడు వారాలు!" అంది. బెంచీలమీదున్న నలభైమంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నలభైమంది అంటే, ఏడుగురు. లేచినవాళ్ళు ఇద్దరు. వాళ్ళలో ఒకాయన చప్పట్లు కొట్టింది దోమ కోసం. కోతలు కోయనని నేను చెప్పుకున్న గొప్ప ఇక్కడితో సరి, ఇకమీద మీ జాగ్రత్తలో మీరుండండి.

"ఏం మందండీ?" అని ఒకాయన గుమాస్తా చొక్కా పట్టుకున్నాడు. ఆ చెయ్యి విడిపించుకుని గుమాస్తా రోడ్డున పడ్డాడు. ఆయన బుర్రలో ఇప్పుడు ఒకటే మాట. 'నా పుస్తకం మేనేజరు దగ్గరుంది. నావల్ల మామయ్య ఉద్యోగం పోతుంది.' ఆటోలో దారిపొడుగునా ఫోను కొట్టాడు. మామయ్య ఫోను ఆఫ్‌లో ఉంది.

కార్ఖానాకి చేరేసరికి మేనేజరు గది తలుపు బార్లా తెరిచి ఉంది. వాచ్‌మన్ కబురందుకుని వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేనేజరు వేలు పెట్టి మరీ చదువుతున్నాడు.

"'ఒంటిగంట ఇరవై. గడియ వేశానా లేదా అని లేచి చూశాను. వేసే ఉంది. ఒంటిగంట ముప్పై అయిదు. మళ్ళీ చూశాను. వేసే ఉంది. మూడు. పైన చప్పుడు. పిల్లి. మూడుంబావు. అది పిల్లేనా? వెళ్ళి చూశాను. పిల్లే.'" మేనేజరు తలెత్తాడు. "ఇదంతా నువ్వే?"

వాచ్‌మన్‌కి తను చెప్పి రాయించనిది పుస్తకంలో ఎలా వచ్చిందో తెలియదు. కానీ అల్లుడు రాశాడంటే ఏదో మేలుకోరే రాసి ఉంటాడని నమ్మకం. "చేసిన పని చెప్పుకోవడం నాకు అలవాటు లేదు సార్" అన్నాడు.

"సరే, ఇదేంటి? 'రెండు గంటలకి ఆమె గురక మొదలైంది.' ఎవరయ్యా ఈమె? రాత్రిపూట కార్ఖానాలో ఆడమనిషా?"

గుమాస్తా గుమ్మంలోనే ఆగిపోయాడు. వాచ్‌మన్ మాత్రం రెప్ప కూడా వేయలేదు.

"నీళ్ళ మోటారు సార్. ఇరవై ఏళ్ళుగా రాత్రుళ్ళు నాకు తోడు అదొక్కటే. 'అది' అని రాయించడానికి నోరు రాలేదు."

"'భుజం తట్టాను, ఆగింది' అని ఉందిక్కడ!"

"పాత మోటారు కదండీ. తడితేనే మాట వింటుంది."

"మరి 'మనసు, పదికి రెండు'?"

"ఆ రాత్రి వానకి ఓ అట్టల కట్ట తడిసింది సార్. మనసు మనసులో లేదు."

మేనేజరు కుర్చీలోంచి లేచి ముసలాయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఒక్క రాత్రిలో పదకొండుసార్లు గడియ చూశావు. నిన్ను అనుమానించాను చూడు! వచ్చే నెల నుంచి నువ్వే హెడ్ వాచ్‌మన్‌వి."

గుమాస్తా లోపలికొచ్చాడు. "సార్, ఒక్కమాట..." వాచ్‌మన్ ఆయన కాలు తొక్కాడు. "సార్, ఆ పుస్తకం..." రెండో కాలు కూడా తొక్కాడు. "అల్లుడూ, నీకు ఒంట్లో బాగోలేదు, వెళ్ళి కూర్చో" అని పళ్ళ బిగువున అన్నాడు. ఊరుకుంటే మామయ్య ఉద్యోగం నిలుస్తుంది. కానీ ఊరుకుంటే, ఈ అబద్ధం ఎప్పుడు బయటపడుతుందోనని ఇక జన్మలో తనకి కన్ను మూతపడదు. చెప్పేయడమే సుఖం.

"ఆ పుస్తకం నాది సార్! ఆ గడియ మా ఇంటిది, ఆ పిల్లి మా మేడమీదది, ఆ గురక మా ఆవిడది. నాకు ఆందోళన జబ్బుంది, నిద్ర పట్టదు. మామయ్య పుస్తకం డాక్టరమ్మ దగ్గరుండిపోయింది. మార్చింది నేను. ఆయన్ని మాత్రం తీసెయ్యకండి."

మేనేజరు పుస్తకం మూసేశాడు.

"అయితే అసలు పుస్తకంలో ఏముంది?" అన్నాడు మేనేజరు మెల్లిగా.

"ప్రశాంతం సార్. రోజూ ప్రశాంతమే."

మేనేజరు వాచ్‌మన్ వైపు తిరిగాడు. "నిద్రపోతున్నావా?"

"అబద్ధమెందుకు సార్. ఒంటిగంట దాటితే కూర్చున్నచోటే కునుకు పడుతుంది."

అరుపు ఎప్పుడొస్తుందా అని ఇద్దరూ భుజాలు ముడుచుకున్నారు. రాలేదు. మేనేజరు వెళ్ళి తలుపు వేశాడు. వేసిందో లేదో ఒకసారి లాగి చూశాడు. ఇంకోసారి లాగాడు. తర్వాత గుమాస్తా పక్కన కుర్చీ లాక్కుని గొంతు తగ్గించాడు.

"ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటారండీ? నెలరోజుల నుంచి నాకూ కన్ను మూతపడట్లేదు. ఈయన నిద్రపోతున్నాడేమోనని!"

వాచ్‌మన్‌కి ముందు నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది. "నాకో ఫోను కొట్టొచ్చు కదా సార్! రాత్రి ఒంటిగంటకి కొట్టండి, ఎత్తి 'అంతా బాగుంది' అంటాను. మీరు పడుకోండి. ఎత్తకపోతే నన్ను తీసెయ్యండి."

ఆ సాయంత్రం గుమాస్తా వెళ్ళి డాక్టరమ్మకి జరిగిందంతా చెప్పాడు. ఆవిడ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, "మీరు భయపడ్డవన్నీ ఒక్క పూటలో జరిగాయి కదా. ఏమైంది?" అంది. గుమాస్తా వేళ్ళు మడిచి ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు. "ఏమీ కాలేదండీ!" అన్నాడు. ఆ మాటకి ఆయనే ఆశ్చర్యపోయాడు. మందు మానొద్దని, గడియ రాత్రికి ఒక్కసారే చూడమని ఆవిడ చెప్పింది. ఆ వారం ఆయన మూడుసార్లు చూశాడు. రాత్రికి కాదు, వారం మొత్తానికి. మనసు పదికి ఏడు.

మేనేజరు కూడా ఆవిడ దగ్గరే చూపించుకున్నాడు. మొదట రోజూ ఫోను కొట్టేవాడు, తర్వాత రోజు విడిచి రోజు. నెల తిరిగేసరికి ఒంటిగంటకి హాయిగా నిద్రపోతున్నాడు. ఆ ఫోను కోసం కాచుకుని కూర్చున్న వాచ్‌మన్‌కే ఇప్పుడు తిప్పలొచ్చాయి. "ఒంటిగంట దాటింది. ఫోను రాలేదు. పాపం ఆయనకేమైందో! గేటుదాకా వెళ్ళి చూశాను. రెండు. ఇంకా రాలేదు. రాయి అల్లుడూ" అని పొద్దున్నే గుమాస్తా బల్ల దగ్గర వాపోతున్నాడు. కార్ఖానా పెట్టాక రాత్రంతా మేలుకున్న మొదటి వాచ్‌మన్ ఆయనే.

ఇందులో నేను కల్పించింది ఏదన్నా ఉంటే, అది గుమాస్తా భార్య గురక ఒక్కటే. ఈ సంగతి ఆవిడే స్వయంగా మా ఇంటికొచ్చి, నేను ఒప్పుకునేదాకా కదలకుండా కూర్చుని చెప్పింది.