చాలించు శ్రీపతీ

ఆ రోజు శ్రీపతి వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పొద్దున్నే నారాయణగూడ వెళ్లి ఫ్లెక్సీ తీసుకోవాలి. దార్లో బంతిపూల దండ కొనాలి. చిక్కడపల్లిలో మాట్లాడి పెట్టుకున్న హాల్లో ఫ్లెక్సీ కట్టించి, పదకొండింటికల్లా రాఘవేంద్ర సంస్మరణ సభ మొదలుపెట్టాలి. ఇంత తేలిక పనిని చెడగొట్టాలంటే మనిషికి ప్రత్యేకమైన ప్రతిభ ఉండాలి. శ్రీపతికి అది పుష్కలంగా ఉంది.

రాఘవేంద్ర, శ్రీపతి అంటే ఇప్పటివాళ్లకు తెలియదు. ఒకప్పుడు నారాయణగూడలో ఒక మేడమీది గదిలోంచి ‘పక్కింటి రేడియో’ అని ఒక స్టేషన్ నడిచేది. పాటలుండవు, ఒట్టి మాటలే. అందులో ‘పొద్దున్నే పేచీ’ అనే కార్యక్రమంలో వీళ్లిద్దరూ నల్లా నీళ్ల దగ్గర్నుంచి పెళ్లి భోజనాల దాకా దేనిమీదైనా పోట్లాడుకునేవారు. నిజానికి పోట్లాడేది శ్రీపతి ఒక్కడే. రాఘవేంద్ర అంతా విని, చివర్లో మెల్లగా, "చాలించు శ్రీపతీ, జనానికి పనులుంటాయి" అనేవాడు. దాంతో ఆ పూటకి కార్యక్రమం అయిపోయేది. కొన్నాళ్లకి స్టేషనే అయిపోయింది. ఇప్పుడా గదిలో ఎవరో కోచింగ్ సెంటరు వాళ్లు పాత ప్రశ్నపత్రాలు పేర్చుకుంటున్నారు.

పోయిన నెలలో రాఘవేంద్ర కూడా పోయాడు. పదోరోజున ఆయన భార్య అన్నపూర్ణ శ్రీపతిని పక్కకు పిలిచింది. "ఆఖర్లో ఒకటే అడిగేవారు అన్నయ్యగారూ. ‘అన్నేళ్లు మాట్లాడాం కదా, మనల్ని నిజంగా ఎవరైనా విన్నారంటావా?’ అని. నాకేం చెప్పాలో తెలిసేది కాదు. అలాగే పోయారు." ఆ మాటకి శ్రీపతికి దుఃఖమూ ఆవేశమూ కలిసి వచ్చాయి. "సభ పెడతాను చెల్లెమ్మా. హాలు నిండుతుంది. నిండకపోతే నన్నడుగు!" అనేశాడు.

అనేశాక ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. పాత శ్రోతల్లో కొందరి నంబర్లు పనిచేయలేదు. కొందరు మనుషులే లేరు. ఉన్నవాళ్లలో చాలామంది "ఏ రేడియో?" అన్నారు. వస్తామన్నవాళ్లని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఆ రోజు చొక్కా తొడుక్కుంటుంటే కాఫీ ఇస్తూ భార్య హారతి, "హాలు నిండుతుందా?" అంది. "నిండుతుంది" అన్నాడాయన. "చిన్న హాలు చూసుకోవాల్సింది" అని ఆవిడ గ్లాసు తీసుకుని లోపలికెళ్లిపోయింది. బయట ముసురు పట్టి ఉంది. అశోక్‌నగర్ ఇరుకు సందుల్లోంచి గొడుగు పట్టుకుని, ఖాళీ కుర్చీల ముందు అన్నపూర్ణ ఒక్కత్తే కూర్చున్నట్టు ఊహించుకుంటూ, ఆయన దిగులుగా నడిచాడు.

ఫ్లెక్సీ షాపులో ఆ దిగులు పోయి గుండె ఆగినంత పనైంది. ‘కీర్తిశేషులు రాఘవేంద్ర గారికి కన్నీటి శ్రద్ధాంజలి’ అని పెద్ద అక్షరాలు, కింద రేడియో పేరు, హాలు పేరు, అటో దీపం, ఇటో దీపం, మధ్యలో నోరు తెరుచుకుని నవ్వుతున్న శ్రీపతి మొహం.

"ఏంటయ్యా ఇది? ఇది నేను!"

డిజైన్ చేసే సాయిచైతన్య ఫ్లెక్సీ వంకా, శ్రీపతి వంకా మార్చి మార్చి చూశాడు. "అవునా సార్? మంచిగ వచ్చింది మరి."

ఇక్కడ కొంత వెనక్కి వెళ్లాలి. రాఘవేంద్రకి ఫోటో అంటే గిట్టేది కాదు. రేడియోవాడికి మొహమెందుకు అనేవాడు. అన్నపూర్ణ దగ్గర ఉన్నవి పెళ్లి ఫోటో, ఆధార్ కార్డూ. ఒకదాంట్లో మరీ కుర్రాడు, రెండోదాంట్లో పోలీసులు వెతుకుతున్నవాడు. అందుకని ఇద్దరూ మైకు దగ్గర కూర్చున్న పాత ఫోటో ఒకటి శ్రీపతి వాట్సాప్‌లో షాపుకి పంపాడు. అందులో ఎవరు ఎవరో రాస్తే సరిపోయేది. కానీ ఆయన రేడియో మనిషి. టైపు చేయడు, మాట్లాడతాడు. రాఘవేంద్ర గొప్పతనం, స్టేషన్ చరిత్ర, మూతపడ్డ వైనం, తన మోకాళ్ల నొప్పులు అన్నీ వాయిస్ మెసేజ్‌లో చెప్పి, "ఎడంపక్కన ఉన్నది నేను, కుడిపక్కన ఉన్నాయన ఫోటో వెయ్యి" అన్నది ఆఖరున చెప్పాడు.

"అంత లంబా వాయిస్ ఎవరింటరు సార్?" అన్నాడు సాయిచైతన్య నిజాయితీగా. "ఫస్టుల పేరు చెప్పిన్రు, రాసుకున్న. ఫోటోల నోరు తెరిచి మాట్లాడుతున్నాయనే రేడియో ఆయన అనుకున్న."

"సరే, ఇప్పుడు మార్చి మళ్లీ వెయ్యి."

"మిషిన్ ఖరాబైంది సార్. ఇంకోటి కూడ వేయమన్నరు కద, అది పొద్దుగాలనే మీ అశోక్‌నగర్ చౌరస్తాల కట్టేసినం. మస్తు కనబడుతది."

శ్రీపతి అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు. కాసేపటికి ఆయనకో ఆలోచన వచ్చింది. రాబోయేది శ్రోతలు. వాళ్లు గొంతులు విన్నారే గాని మొహాలు ఎప్పుడు చూశారు గనక! తెలిసింది అన్నపూర్ణకొక్కదానికే. లావుపాటి దండ ఒకటి వేసి మొహం కప్పేస్తే సరి. ఈ తెలివికి తనే మురిసిపోయి, పూల కొట్టులో ఉన్న అతిపెద్ద దండ కొని, గొడుగు పట్టే చెయ్యి ఖాళీ లేక తడుస్తూ హాలు చేరాడు. వేదిక మీద ఇనుప చట్రానికి ఫ్లెక్సీ కట్టించి, దండ వేశాడు. చెవులు తప్ప ఏమీ కనబడలేదు. అప్పుడు ఫోన్ మోగింది.

"ఏవండీ, మీరు పోయారట" అంది హారతి.

"ఎవరన్నారు?"

"చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారట కదా. కింది ఫ్లాటు యశోదమ్మగారు వచ్చి ఏడుస్తున్నారు. సందంతా మనింట్లోనే ఉంది."

"బతికే ఉన్నానని చెప్పు!"

"చెప్పానండీ. షాక్‌లో ఉంది పాపం, ఏడిస్తే బాగుండు అంటున్నారు. బలవంతంగా మజ్జిగ తాగించారు."

"ఫ్లెక్సీ మీద రాఘవేంద్ర అని రాసుంది కదా, చదవలేదా వీళ్లు?"

"అదీ చెప్పాను. ఆధార్‌లో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఎవరికైనా ఉంటాయట. యశోదమ్మగారిని వాళ్లింట్లో బుజ్జమ్మ అంటారట."

"ఫోన్ ఎవరికైనా ఇయ్యవే!"

ఫోన్ కాలనీ సంఘం కార్యదర్శి కరుణాకర్ చేతికి వెళ్లింది. శ్రీపతి గొంతు సవరించుకుని, "కరుణాకర్ గారూ, నేను శ్రీపతిని. క్షేమంగా ఉన్నాను. ఎవరూ కంగారు పడవద్దు" అన్నాడు.  అవతల కరుణాకర్ ఎవరితోనో బొంగురు గొంతుతో అంటున్నది వినబడింది. "రేడియోల మాట్లాడేటోడంట కద. పాత రికార్డింగ్ పెట్టుకొని వింటున్నది పాపం. జర ఫోన్ దాచిపెట్టుండ్రి ఆమెకు కనబడకుండ." ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే ఎత్తినవాడు లేడు.

ఫ్లెక్సీ మీద హాలు పేరు ఉండనే ఉంది. కాసేపటికి ఆటోలు వరసగా వచ్చి హాలు ముందు ఆగాయి. యశోదమ్మ, ఇంకొకావిడ కలిసి హారతిని చెరో రెక్కా పట్టుకుని దింపారు. నాకు నడవడం వచ్చండీ అని ఆవిడ అంటున్నా వినిపించుకోలేదు. వెనకాలే అపార్టుమెంటు వాళ్లు, ఇస్త్రీ బండి కుటుంబం, టీ కొట్టు దగ్గర శ్రీపతి పట్టుకుని సలహాలిచ్చే హాస్టల్ పిల్లలు, అందరూ దండలతో దిగారు. తలుపు సందులోంచి చూస్తున్న శ్రీపతి ఎదురెళ్లి బతికున్నానని చెప్పబోయాడు. సరిగ్గా అప్పుడే అన్నపూర్ణ గొడుగు ముడుస్తూ గుమ్మంలోకి వచ్చింది.

ఆవిడ అడుగు పడలేదు. కుర్చీలన్నీ నిండి, గోడల వెంట జనం నిలబడి ఉన్నారు. "వీళ్లంతా... ఆయన కోసమేనా?" అంది ఎవరినో. "ఆయన కోసమే అమ్మా" అన్నారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నెల రోజులుగా దాచుకున్న ఏడుపది. శ్రీపతి చూశాడు. తను బతికున్నాడని తెలిస్తే ఈ జనంలో ఒక్కడు నిలవడు. చప్పుడు కాకుండా వెళ్లి ఫ్లెక్సీ వెనకాల దాక్కున్నాడు.

హారతిని తీసుకెళ్లి ముందు వరసలో అన్నపూర్ణ పక్కనే కూర్చోబెట్టారు. హారతి ఫ్లెక్సీ కింద కనబడుతున్న చెప్పుల్ని గుర్తుపట్టింది. నిండిన హాలునీ, పక్కన ఏడుస్తున్న అన్నపూర్ణనీ చూసి, ఏమీ అనకుండా ఆవిడ చెయ్యి పట్టుకుంది. వెనక వరసలో యశోదమ్మ, "ఈమె ఎవరే, సార్ కోసం గింత ఏడుస్తున్నది?" అని గుసగుసలాడింది. పక్కావిడ కాసేపు ఆలోచించి, "రెండో ఆమె కావచ్చు" అంది. ఆ సంగతి క్షణాల్లో గోడదాకా పాకింది. హారతిని చూసి జాలిపడడం రెట్టింపైంది.

సభ నడపాల్సినవాడు వెనకాల ఉన్నాడు గనక మైకు ఖాళీగా ఉంది. ఖాళీ మైకును చూస్తూ ఊరుకోవడం కరుణాకర్‌కి చేతకాదు.

"మా సార్ మంచోడు" అని మొదలుపెట్టాడు. "అబద్ధం ఎందుకు, జర మాటలెక్కువ. మెట్లమీద దొరికినమా, ఇగ అంతే. ఆఫీసుకు లేటయితదన్నా ఇడిచిపెట్టకపోతుండె. సార్ కిందికి దిగుతున్నడంటే మేం లిఫ్టుల దాక్కుంటుంటిమి." జనం కళ్లు తుడుచుకుంటూ తలలూపారు. "కూరగాయల బండాయన మా సందుకు వచ్చుడే బంద్ చేసిండు. గసుంటి మనిషి ఇయ్యాల మౌనంగున్నడు."

 కూరగాయలాయన ఎందుకు రావడం లేదో ఫ్లెక్సీ వెనకాల శ్రీపతికి ఇవాళ తెలిసింది. దాన్ని ఎలాగో మింగాడు. కానీ ముందు వరసలో అన్నపూర్ణ అయోమయంగా, "కాదండీ... ఆయన అసలు మాట్లాడే మనిషి కాదు. ఎవరి గురించి చెబుతున్నారు?" అంటోంది. ఆవిడ మాట ఎవరూ పట్టించుకోలేదు. కరుణాకర్ ఊపందుకున్నాడు. "ఆయన నోరు మూయించే మొగోడు ఈ హైదరాబాద్‌ల పుట్టలే!"

అది మాత్రం శ్రీపతి భరించలేకపోయాడు. "పుట్టాడు!" అంటూ బయటికొచ్చాడు. "ఆగండి. ఆ మాటలు ఆపనివాడిని నేను. ఆపేవాడు రాఘవేంద్ర. పోయింది ఆయన."

ఒక్క కేక లేచింది. యశోదమ్మ కుర్చీ ఎక్కింది. హాస్టల్ పిల్లలు ముందు తలుపు దాకా పరిగెత్తి, తర్వాత ఫోన్లు తీసి వీడియోలు పట్టారు. శ్రీపతి జరిగిందంతా చెప్పాడు, కొంచెం పొడుగ్గానే. భయం కాస్తా కోపంలోకి దిగింది.

"ఇది మంచిగుందా సార్?" అన్నాడు కరుణాకర్. "మీరు సచ్చిపోయిన్రని చెప్పి సెలవు పెట్టిన. ఇప్పుడు ఆఫీసుల ఏమని చెప్పాలె?"

"బతికుంటే ముందుగాల చెప్పద్దా?" అని యశోదమ్మ కుర్చీ దిగి, తెచ్చిన దండ ఆయన చేతిలో పెట్టి, ఎర్రబడ్డ కళ్లతోనే వెళ్లిపోయింది. మరికాసేపటికి ఆటోలన్నీ బయల్దేరాయి. ఖాళీ కుర్చీల మధ్య గొడుగులు కారిన నీళ్లు మిగిలాయి.

శ్రీపతి అన్నపూర్ణ ముందు తలొంచుకుని నిలబడ్డాడు. "క్షమించు చెల్లెమ్మా. వాళ్లు నా కోసం వచ్చారు. అది కూడా పోయానని వచ్చారు. హాలు నిండలేదు." ఆవిడ బోసిపోయిన కుర్చీల వైపు చూసి కళ్లు దించుకుంది. పొద్దుట్నుంచీ ఆయన భయపడ్డది ఆ చూపుకే.

అప్పుడు వెనక మూల నుంచి ఎవరో దగ్గారు. అంత గొడవ జరిగినా చివరి వరసలో కూర్చున్న పాత శ్రోతలు కొందరు కదల్లేదు. వాళ్లలో రాంనగర్ కనకయ్య అనే ముసలాయన కళ్లు మూసుకునే ఉన్నాడు. "అందరు పోయిన్రా? ఇగ మీరు మాట్లాడుండ్రి సార్. మాకు మొఖాలతోటి పనేంది? మీరు మాట్లాడుతుంటె నడుమ ఆయన ఎప్పుడు అంటడా అని చూస్తుంటిమి."

"ఏమని?" అంది అన్నపూర్ణ.

పక్కన కూర్చున్న రాగిణి అనే ఆవిడ లేచింది. గాంధీనగర్‌లో బట్టలు కుడుతుందట. "‘చాలించు శ్రీపతీ’ అని ఆయన అనగానే నేను స్టవ్ కట్టేసి పిల్లల్ని ఆటో ఎక్కించేదాన్నండీ. మా ఇంట్లో గడియారం చూసేవాళ్లం కాదు. స్టేషన్ మూసేశాక పిల్లలకి రోజూ లేటే." ఆగి, మొహమాటంగా శ్రీపతి వైపు చూసింది. "మీరు ఏం మాట్లాడేవారో మాత్రం గుర్తులేదండీ."

అన్నపూర్ణ ఆవిడ దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకుంది. "ఆ మాట మళ్లీ చెప్పమ్మా" అంది. రాగిణి మళ్లీ చెప్పింది.

శ్రీపతి మైకు ముందుకెళ్లి "నమస్కారం, ఇది పక్కింటి రేడియో" అన్నాడు.  రాఘవేంద్ర గురించి చెప్పాడు. చెప్పి, ఊపిరి తీసుకునే చోట అలవాటుగా పక్కకి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. మళ్లీ మొదలుపెట్టాడు. స్టేషన్ మెట్ల గురించి, చల్లారిపోయిన టీల గురించి, ఆఖరి రోజు కార్యక్రమం గురించి చెప్పాడు. ఆ రోజు రాఘవేంద్ర ఆపలేదట. యజమాని వచ్చి స్విచ్ కట్టేసేదాకా మాట్లాడనిచ్చాడట. శ్రీపతి కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, మాటలు ఆగడం లేదు. ఆగితే ఇక అయిపోతుందని ఆయన భయం. వాచ్‌మన్ తాళాలు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. కనకయ్య వెళ్లడానికి చేతికర్ర అందుకున్నాడు. అయినా ఆగలేదు.

అన్నపూర్ణ లేచి నిలబడింది. ఇన్నేళ్లలో ఆయన్ని అన్నయ్యగారూ అనడమే తప్ప పేరుపెట్టి పిలవలేదు.

"చాలించు శ్రీపతీ" అంది మెల్లగా. "జనానికి పనులుంటాయి."

శ్రీపతి మాట మధ్యలోనే ఆగిపోయాడు. మైకు కట్టేసి, వేదిక దిగి, మెట్టుమీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కనకయ్య అప్పుడు కళ్లు తెరిచి, "ఇగ పోదాం" అన్నాడు.

అందరూ వెళ్లాక వాచ్‌మన్ ఫ్లెక్సీ విప్పి, "దీన్ని పారేయాల్నా సార్?" అన్నాడు. శ్రీపతి చెయ్యి ఊపాడు. హారతి మాత్రం దండలు తీసి పక్కన పెట్టి, ఫ్లెక్సీని జాగ్రత్తగా చుట్టి చంకలో పెట్టుకుంది.

"ఫోటో బాగానే వచ్చింది. పేరొక్కటీ మార్పిస్తే చాలు."