రంగప్ప వాకిట్లో చెప్పులు

ఆ ఆదివారం పొద్దున రంగప్ప పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ తాగి, ముదిగుబ్బ బస్సెక్కి, అక్కడి గొర్రెలాయన దగ్గర మంచి పొట్టేళ్ళను బేరమాడుకుని, మధ్యాహ్నం సంగటి వేళకు ఇల్లు చేరడం. మంగళవారం ఊరి దేవర, అంటే అమ్మవారి జాతర. పెనుకొండకు దగ్గర్లోనే ఉన్న ఆ పల్లెలో దేవర ఏటేటా రాదు. ఊరి పెద్దలంతా ఒక్క మాట మీదికి వచ్చినప్పుడే వస్తుంది, కాబట్టి చాలా ఏళ్ళకు ఒకసారి వస్తుంది. వచ్చినప్పుడు మాత్రం ఇంటింటా పొట్టేలు తెగాలి, చుట్టాలు దిగాలి, విస్తళ్ళలో సంగటీ కూరా పొగలు కక్కాలి. ఎవరింట ఎంతమంది తిన్నారన్నదే మళ్ళీ దేవర వచ్చేదాకా ఆ ఇంటి పరువు.

పోయిన దేవరకు రంగప్ప పరువు ఏమైందో ఊళ్ళో కుక్కలకు కూడా తెలుసు, ఎందుకంటే మిగిలిన కూర తిన్నది అవే. చుట్టాలంతా ఎదురింటి నల్లప్ప పందిట్లో కూర్చున్నారు. నల్లప్ప రంగప్పకు పెదనాన్న కొడుకు. పది రోజులు ముందు పుట్టిన పాపానికి అతణ్ణి జీవితాంతం ‘అన్నా’ అని పిలవవలసి రావడం రంగప్పకు ఒక బాధ. ఇద్దరి చుట్టాలూ ఒకరే కావడం రెండో బాధ. అక్క వరసయ్యే హిందూపురం చౌడక్క గానీ, ధర్మవరంలో పట్టుచీరల అంగడి పెట్టుకున్న బావ వేణుమాధవ్ గానీ, ఈ రెండిళ్ళలో ఎక్కడ చెయ్యి కడిగినా తప్పులేదు. ఈసారి ఆ చేతులన్నీ తన ఇంట్లోనే కడగాలని రంగప్ప పంతం పట్టాడు.

చెప్పుల్లో కాళ్ళు పెట్టేలోగా చిన్నకొడుకు ప్రవీణ్ ల్యాప్‌టాప్ తెచ్చి అరుగు మీద తెరిచాడు. బెంగుళూరులో పరిశోధన చేస్తున్న ప్రవీణ్ దేవర కోసం సెలవు పెట్టి వచ్చాడు గానీ పరిశోధనను సెలవు మీద పంపలేదు.

“ఎన్ని పొట్టేళ్ళు తెస్తావు నాయనా?”

“మూడు. పోయినసారి రెండే కోసినాం కాబట్టే చుట్టాలు మనల్ని తక్కువగా చూసిరి.”

“ఆ రెండే మిగిలిపాయె కదా! ఊరికే అంచనా మీద పోవద్దు. నేను బెంగుళూర్లో చేసే పనే ఇది. మనుషులకు బదులు కంప్యూటర్లో చుక్కలు పెడతాం. వాటిని ఏజెంట్లంటాం. ఒక్కోదానికి ఒక్కో బుద్ధి చెప్పి వదిలేస్తాం. యాడికి పోతాయో, ఏం కొంటాయో, ఎవుర్ని చూసి ఎవురు మనసు మార్చుకుంటారో అంతా కనిపిస్తాది.”

“హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్లో ఉంటారే, ఆ ఏజెంట్ల మాదిరా?”

“వాళ్ళకన్నా నిజం చెప్తాయిలే.”

చుక్కలకు బుద్ధులు చెప్పే పని పెద్దకోడలు శ్రీదేవి మీద పడింది. మొగుడు సురేంద్ర ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టుకు పోతే, ఆమె గడప దగ్గర కూర్చుని దేవరకు వెల్లుల్లి ఒలుచుకుంటోంది. చుట్టాల బుద్ధులు ఆమెకు తెలిసినంతగా ఆ ఇంట్లో మరెవరికీ తెలియవు.

“చౌడక్కత్తకు మోకాళ్ళ నొప్పులు. కుర్చీ యాడుంటే ఆమె ఆడ. ఆమె యాడుంటే హిందూపురమోళ్ళంతా ఆడ,” అంది శ్రీదేవి. “ధర్మవరమాయనేమో ఆమె ఉండే పందిట్లో కూర్చోడు. ఆయన అంగడి చీర రంగు పోయిందని ఆమె పెండ్లిలో అందరి ముందరా అనిందంట.”

“మరి మిగతా వాళ్ళు?”

“వాళ్ళకు సొంత బుద్ధి యాడిది? ఏ ఇంటి ముందర చెప్పులు ఎక్కువుంటే ఆ ఇంట్లోకి పోతారు.”

ప్రవీణ్ పొంగిపోయాడు. “అబ్బా, ఇదే వదినా! దీని మీదనే మా సారు రెండేండ్లుగా వ్యాసం రాస్తాండాడు.”

“చెప్పుల మీదనా?”

“ఒకర్ని చూసి ఒకరు పోయేదాని మీద.”

“మరి నాకూ, ఎదురింటి నాగజ్యోతికీ చుక్కలు పెట్టవా?”

నాగజ్యోతి నల్లప్ప కోడలు. ప్రవీణ్ తల కూడా ఎత్తకుండా నవ్వాడు. “మీరిద్దరూ పొయ్యి కాడనే ఉంటారు కదా వదినా. యాడికీ పోనోళ్ళకు తీర్మానాలు ఏముంటాయి?”

శ్రీదేవి ఇంకో వెల్లుల్లి గడ్డ అందుకుంది.

ప్రవీణ్ మీట నొక్కాడు. తెర మీద రెండు చదరాలు, ఒకటి రంగప్ప ఇల్లు, ఒకటి నల్లప్ప ఇల్లు. బస్సు దిగే చోటు నుంచి చుక్కలు చీమల్లా బయలుదేరి, వీధి మధ్యకు వచ్చి, బిలబిలమంటూ నల్లప్ప ఇంట్లో దూరాయి. ఒకే ఒక్క చుక్క రంగప్ప గడప దాకా వచ్చి నిలబడింది. రంగప్ప ముందుకు వంగాడు. చుక్క వెనక్కి తిరిగి అదీ నల్లప్ప ఇంట్లోకే పోయింది.

“ఎవుర్రా అది?”

“నీ బావమరిది.”

ముదిగుబ్బ బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది, రంగప్ప అరుగు మీద నుంచి కదలలేదు.

“ఒక్క పొట్టేలు చాలు నాయనా,” అన్నాడు ప్రవీణ్ మెల్లగా. “అది కూడా చిన్నది.”

కాసేపటికి తేరుకుని రంగప్ప చేసిన మొదటి పని చౌడక్కకు ఫోన్ చేయడం.

“ఏమక్కా, మా ఇంటికి రానంటివంట?”

“ఎవురప్పా అనింది?”

“కంప్యూటరు.”

“అయ్యో నా తల్లీ! నేను మనసులో అనుకునింది దానికెట్ల తెలిసెరా? మా ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పలేదే! వద్దప్పా, ఆ మాట కొట్టేయమను. హిందూపురమోళ్ళందర్నీ తోలుకొని నీ ఇంటికే వస్తా.”

తర్వాత వేణుమాధవ్. “నా పేరు ఆడ ఎక్కించినారా? బావా, నేను వ్యాపారం చేసుకునేవాణ్ణి. రేపు బ్యాంకోళ్ళు చూస్తే, సొంత చుట్టాల దేవరకే పోనోడు అప్పు కడతాడా అంటారు. వస్తాను. చౌడక్కకు నాకు మధ్యన ఒక ట్రాక్టరు నిలిపినా సరే, వస్తాను.”

ఆ మధ్యాహ్నం రంగప్ప చెయ్యని ఫోన్ లేదు, అవతల అదిరిపడని చుట్టం లేడు. తాము ఎక్కడ తింటామో తాము ఇంకా తేల్చుకోకముందే బెంగుళూరు కంప్యూటరు తేల్చేసిందని ఒక్కొక్కరికీ గుండె జారిపోయింది. ఆ కంప్యూటరు మొహం మీద కొట్టినట్టు వచ్చి తీరుతామని అందరూ ఒట్టు పెట్టారు. ప్రవీణ్ ఆ ఒట్లన్నీ చుక్కలకు నూరిపోసి మళ్ళీ మీట నొక్కాడు. చుక్కలు రంగప్ప ఇంట్లో కిక్కిరిసి, చోటు చాలక ప్రహరీ మీద కూర్చున్నాయి.

“మూడు చాలవు నాయనా. నాలుగు తే!”

రంగప్ప సాయంత్రానికి నాలుగు పొట్టేళ్ళను ఆటోలో తెచ్చాడు. ఇల్లు వచ్చాక కూడా దించకుండా, ఆటోను వీధిలో రెండుసార్లు తిప్పించాడు. రెండోసారి నల్లప్ప ఇంటి ముందు పొట్టేళ్ళు అరవకపోతే స్వయంగా ఒకదాని చెవి మెలిపెట్టాడు.

సోమవారం తెల్లారేసరికి నల్లప్ప వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“ఏమప్పా తమ్ముడూ, గొర్రెల మంద పెడతాండావా?”

రంగప్ప దాచుకోలేకపోయాడు. కొడుకును లేపి ల్యాప్‌టాప్ తెరిపించాడు. నల్లప్ప కళ్ళజోడు పెట్టుకుని తెర మీద తన ఇంటిని వెతికి పట్టుకున్నాడు.

“ఒక్కరూ లేరే! నా కొడుకు యాడికి పోయినాడు?”

“వాడూ మా ఇంట్లోనే తింటాండాడు పెదనాయనా,” అన్నాడు ప్రవీణ్.

నల్లప్ప అరుగు మీద నుంచి నేల మీదికి జారాడు. శ్రీదేవి చెంబుతో నీళ్ళిస్తే సగం తాగి సగం తల మీద పోసుకున్నాడు. ఇంటికి పోయి, ముందు కొడుకును నిలదీశాడు, తర్వాత ఫోన్ పట్టుకున్నాడు. ‘పది రోజులు పెద్దోణ్ణి, నా పెద్దరికం ఏం గాను?’ అని నల్లప్ప గొంతు వణికిస్తే కాదనగలిగిన చుట్టం లేడు. పొద్దు వాలేలోగా, రంగప్పకు మాటిచ్చిన ప్రతివాళ్ళూ అతనికీ మాటిచ్చారు. అతని ఇంటి ముందు పొట్టేళ్ళూ దిగాయి, ఐదు.

ప్రవీణ్ మూడోసారి మీట నొక్కాడు. చుక్కలు వీధి మధ్యకు వచ్చి ఆగిపోయాయి. రంగప్ప గడప దాకా పోయి వెనక్కి, నల్లప్ప గడప దాకా పోయి వెనక్కి. ఇటూ పోలేక, అటూ పోలేక మలేరియా వచ్చినట్టు వణకసాగాయి.

“ఏమైందిరా?” రంగప్పకూ వణుకు పుట్టింది.

“తేలడం లేదు నాయనా. ఇట్లాంటిది నేనెప్పుడూ చూళ్ళేదు. దీన్ని మేము నిలకడ లేకపోవడమంటాం.”

“మేము చుట్టరికమంటాం,” అంది శ్రీదేవి లోపలి నుంచి.

ఇక చుక్కల్ని నమ్ముకుని లాభం లేదని రంగప్పకు అర్థమైంది. అప్పుడే కోడలు చెప్పిన చెప్పుల మాట గుర్తొచ్చింది.

మంగళవారం పొద్దున అమ్మవారి మొక్కు తీరి, పొట్టేళ్ళు తెగి, పెరట్లో పొయ్యిలు వెలిగేసరికి రంగప్ప వాకిట్లో చెప్పులు బారులు తీరాయి. తనవి, కొడుకులవి, అటక మీద మూలుగుతున్న పాతవి, కూలికొచ్చిన వాళ్ళవి, వాళ్ళ వెంట వచ్చిన వాళ్ళవి. ఎదురింటి నల్లప్ప కిటికీలోంచి చూసి ఒక్క క్షణం బిత్తరపోయాడు. రెండో క్షణంలో మనవళ్ళ బడి బూట్లు కూడా వాకిట్లోకి వచ్చాయి. రంగప్ప చెప్పుల కోసం పక్కవీధికి మనిషిని పంపాడు. నల్లప్ప వెనకవీధికి పంపాడు. కాసేపటికి రెండిళ్ళ ముందరా మోకాలెత్తు గుట్టలు లేచాయి. ఊళ్ళో జనం మాత్రం వట్టికాళ్ళతో తిరుగుతున్నారు.

రంగప్ప తన పందిట్లో విస్తళ్ళు పరిపించి, వాటి మధ్య కూర్చున్నాడు. వాకిట్లోకి పోయి తొంగిచూస్తే చుట్టాల కోసం కాచుకున్నట్టుంటుంది, అది పరువు తక్కువ. బస్సు ఆగిన చప్పుడైంది. చౌడక్క గొంతు వినిపించింది. రంగప్ప తలపాగా సర్దుకున్నాడు. గొంతు దగ్గరికొచ్చింది, ఆగింది, ‘అమ్మో!’ అంది, దూరమైంది. తర్వాత ఒక ఆటో వచ్చి, నిలబడి, వెనక్కి తిరిగిన చప్పుడు. ఆ తర్వాత అదీ లేదు.

ఎండ నడినెత్తికి ఎక్కింది. విస్తళ్ళు గాలికి లేస్తుంటే ప్రవీణ్ ఒక్కోదాని మీదా ఒక్కో రాయి పెట్టుకుంటూ పోతున్నాడు.

“శ్రీదేవీ! ఒక్కరూ రాలేదేమి?”

రంగప్ప పెరట్లోకి పోయాడు. పొయ్యిల మీద గుండిగలు లేవు. కూర లేదు, సంగటి లేదు, కోడలు లేదు. పోయిన దేవరకు చుట్టాలు మాత్రమే రాలేదు. ఈసారి కూర కూడా వెళ్ళిపోయింది.

రంగప్ప వీధిలోకి పరుగెత్తాడు. కాలుతున్న సిమెంటు రోడ్డు మీద వట్టికాళ్ళతో ఎగురుతుంటే ఎదురుగా నల్లప్ప కూడా ఎగురుతూ కనిపించాడు.

“అన్నా, నీ ఇంట్లో?”

“ఈగ లేదురా. నీ ఇంట్లో?”

“ఈగలు మాత్రం ఉండాయి.”

అంతలో వీధి చివరి నుంచి నవ్వులూ, వాటి వెనకే మసాలా వాసనా వచ్చాయి. ఇద్దరూ ఒక నీడ నుంచి ఇంకో నీడకు దూకుతూ బడి దగ్గరికి చేరారు. ఆవరణలో షామియానా. ఆ కొసన హెడ్మాస్టరు కుర్చీలో చౌడక్క, ముందర బల్ల, బల్ల మీద విస్తరి. ఈ కొసన ఆమెకు వీపు పెట్టి వేణుమాధవ్. మధ్యన హిందూపురం, ధర్మవరం, ఇంకా ఊరిలో సగం. శ్రీదేవి కూర వడ్డిస్తుంటే నాగజ్యోతి సంగటి ముద్దలు వేస్తోంది.

“ఏం పనమ్మా ఇది!” అన్నాడు రంగప్ప. కోపంగా అనాలనుకున్నాడు గానీ అరికాళ్ళు ఒప్పుకోలేదు.

“ఏం చేయమంటావు మామా? మీ వాకిండ్ల ముందర ఆ చెప్పులు చూసి చౌడక్కత్త, ఇంత జనం తినినాక మనకు ఎముకలే మిగిలేది అని మళ్ళీ బస్సు కాడికి మళ్ళింది. ధర్మవరమోళ్ళు ఆటో దిగనే లేదు. ఇంగ నేనూ నాగజ్యోతీ అడ్డం పడి ఈడికి తోలుకొచ్చినాం. గుండిగల్ని పెరటి దావన ట్రాక్టర్లో తెచ్చినాం.”

“నీ కోడళ్ళు బంగారమప్పా,” అంది చౌడక్క నోటినిండా. “పరుపు మాదిరి కుర్చీ వేసినారు.”

రంగప్ప గుండె కొంచెం కుదుటపడింది. అయినా అడగవలసింది అడగాలి. నల్లప్పకు వినపడకుండా శ్రీదేవి దగ్గరికి వంగాడు. “మన కూర ఎవురెవురు తినిరి? వాళ్ళ కూర ఎవురెవురు?”

నల్లప్పకూ, పక్కనున్న నాగజ్యోతికీ వినపడనే వినపడింది. జవాబు నాగజ్యోతి చెప్పింది. “అది తెలీదు చిన్నమామా. గుండిగలు దించంగానే రెండిండ్లదీ కలిపేసినాం.”

“కలిపేసినారా!” అన్నారు అన్నదమ్ములిద్దరూ. పుట్టి బుద్ధెరిగాక వాళ్ళిద్దరి నోటా ఒకే మాట రావడం అదే మొదలు. చేసేదేమీ లేక పక్కపక్కనే కూర్చున్నారు. ఒక్కో ముక్కా నోట్లో పెట్టుకున్నప్పుడల్లా, ఇది తనదా, ఎదుటివాడిదా అని నమిలి నమిలి చూశారు.

ప్రవీణ్ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని కుంటుతూ వచ్చాడు. “వదినా, చెప్పులు ఎక్కువుంటే ఆడికి పోతారని నువ్వే కదా చెప్పింది?”

“ఎక్కువుంటే పోతారన్నాను. మరీ ఎక్కువుంటే ఏం చేస్తారని నువ్వు అడిగినావా?”

“మీ ఇద్దరికీ చుక్కలు పెట్టాల్సిండె,” అన్నాడు ప్రవీణ్ దిగాలుగా.

“చుక్కలు తర్వాత పెడుదువులే. ముందర ఆ ఖాళీ గుండిగ తోము.”

ఊళ్ళో చెప్పులన్నీ జతలు కలిసేసరికి పొద్దు గూకింది. రంగప్ప ఎడమ చెప్పు మాత్రం దొరకలేదు. దాన్ని ఒక కుక్క ఈడ్చుకుపోయి నల్లప్ప గడప ముందు పడేసింది. నల్లప్ప దాన్ని, తన ఇంటికి వచ్చిన వాళ్ళ లెక్కలో వేసుకున్నాడు.