సీమోను గారింట్లో కృతజ్ఞత కూడిక

ఆ శనివారం ఉదయం సీమోను వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికేమీ లేదు. తొమ్మిదింటికి బీమా సర్వేయరు వచ్చి, వాకిట్లోకి లాక్కొచ్చి పెట్టిన కారును చూస్తాడు. పదింటికల్లా బండి షెడ్డుకు పోతుంది. మోకాలి ఆపరేషనైన భార్య జ్ఞానసుందరి బస్సు మెట్లు ఎక్కలేదు. వారం వారం విజయనగరం ఆసుపత్రికి వెళ్లాలంటే ఆమెకు ఆ కారే దిక్కు. బీమా రాకపోతే దాన్ని బాగుచేయించే తాహతు పింఛను మీద బతికే సీమోనుకు లేదు.

కారుకు జరిగింది మాత్రం పైకి చెప్పుకోవడానికి సిగ్గుచేటు. మంగళవారం సాయంత్రం గరివిడి శివార్లలో ఆయన బండి ఆపి, దిగి, మొక్కజొన్న పొత్తు కాల్పించుకుంటుండగా, హ్యాండ్‌బ్రేకు వేయని కారు పల్లంలోకి జారుకుంటూ పోయి కల్వర్టుకు గుద్దుకుంది. బీమా ఫారంలో ఇదంతా ఉన్నదున్నట్టు రాశాడు. చర్చి సంఘంలో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆయన ఆ బాప్టిస్టు సంఘంలో డీకను, అంటే పాస్టరుకు సాయంగా ఉండే పెద్ద. అంతకు రెండు రోజుల ముందే మెలకువగా ఉండటం గురించి ముప్పావుగంట ప్రసంగించాడు.

భార్యతో కూడా "కల్వర్టుకు గుద్దీసినాది" అన్నాడే తప్ప పొత్తు సంగతి ఎత్తలేదు. ఆమె పక్కింటి పద్మజతో, "బండి నుజ్జయిపోనాది గానీ, మాయన ఒంటిమీద గీత కూడా పడనేదమ్మా" అంది. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అయినా బుధవారానికి ఊరివాళ్ల నోళ్లలో కారు ఒక పల్టీ కొట్టింది. శుక్రవారానికి మూడు కొట్టింది. ఎవరడిగినా సీమోను తల దించుకుని ఊరుకున్నాడు. జనం దాన్ని వినయం అనుకున్నారు.

ఇంత మేలు జరిగిన ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టకపోతే సంఘం ఊరుకోదు. శనివారం తొమ్మిదింటికి సర్వేయరు రాలేదు గానీ పాస్టరు రాబర్ట్ గారు నలభై మందితో వచ్చారు. కారు చుట్టూ చాపలు పరిచారు. పదింటికి సర్వేయరు స్టాన్లీ బైకు దిగేసరికి, పొరుగూరి విశ్వాసి అనుకుని ముందు వరసలో కూర్చోబెట్టి చేతిలో పాటల పుస్తకం పెట్టారు. పెద్దల ముందు కాదనలేక అతను రెండు పాటలు పాడాడు.

తర్వాత పద్మజ సాక్ష్యం చెప్పడానికి లేచింది. "మూడు పల్టీలండి! నాలుగోది పడకుండా దేవదూత ఎనకనించి పట్టుకున్నాడు. అన్నయ్య అద్దంలోంచి బైటికొచ్చీసినాడు!"

"స్తోత్రం!" అన్నారు నలభై మందీ.

స్టాన్లీ పుస్తకం మూసి, సంచిలోంచి ఫారం తీసి సీమోను దగ్గరికొచ్చాడు. "ఏటండి ఇది? కారులో ఎవరూ నేరని మీరే రాసినారు. ఇక్కడ సూస్తే మూడు పల్టీలంతన్నారు. ఫారం అబద్ధమైతే క్లెయిము రాదండి."

"అబద్ధమేటి బాబూ? మాయన ఎప్పుడన్నా అబద్ధమాడినాడేటి?" అంటూ జ్ఞానసుందరి మోకాలు పట్టుకుని లేవబోయి, లేవలేక మళ్లీ కూర్చుండిపోయింది. అది చూశాక సీమోనుకు పరువు మీద ఆశ పోయింది.

లేచి నిలబడ్డాడు. "ఫారమే నిజిం. పల్టీలూ నేవు, దూతా నేడు. బండి దిగి పొత్తు కాల్పించుకుంతన్నాను. బ్రేకు ఎయ్యడం మరిసిపోనాను. అదే ఎల్లి గుద్దీసినాది. నన్ను డీకనుగా తీసీయండి."

జ్ఞానసుందరి ఆయన్ని తేరిపార చూసింది. ముప్పయ్యేళ్లుగా నిలబెట్టుకున్న పేరు ముప్పై క్షణాల్లో పోయిందని సీమోనుకు నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు పద్మజ గుండెల మీద చెయ్యేసుకుంది. "అయితే గుద్దకముందే దేవుడు అన్నయ్యని దింపీసినాడన్నమాట! పొత్తు ఆశ సూపించి మరీ దింపీసినాడు!"

మొదట ఎవరో ఒక్కరే స్తోత్రం అన్నారు. ఆ తర్వాత వాకిలి దద్దరిల్లింది. దీని ముందు పల్టీలు ఏపాటివంటూ పాస్టరు గారు కళ్లు తుడుచుకుని, వచ్చే శనివారం ఇక్కడే ఇంకా పెద్ద కూడిక ఉంటుందని ప్రకటించారు. డీకను పదవి మాట సీమోను రెండుసార్లు ఎత్తాడు. రెండుసార్లూ పాట అందుకున్నారు.

"మీ క్లెయిముకి ఢోకా నేదమ్మా" అని జ్ఞానసుందరికి చెప్పి స్టాన్లీ ఫొటోలు తీసుకున్నాడు. ప్రమాదానికి కారణం అన్న గడి దగ్గర ఆగి, చుట్టూ ఉన్న ముఖాలు చూసి ‘దేవుని చిత్తం’ అని రాయబోయాడు గానీ, కంపెనీ అందుకు డబ్బివ్వదని గుర్తొచ్చి ‘మతిమరుపు’ అని రాశాడు.