నాలుగో చీటీ

ఆదివారం పొద్దున ఆరింటికి ఉమామహేశ్వరమ్మ వేసుకున్న పథకంలో ఎద్దులు లేవు. తొమ్మిదింటికి మైదానంలో సున్నం గీతలు, పన్నెండింటికి ఆటగాళ్లకు పెరుగన్నం, మూడున్నరకు మ్యాచ్, ఆ తర్వాత నంద్యాల బస్సు. అంతే. ముప్పై నాలుగేళ్లు డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆవిడ పథకం వేసిందంటే అందులో ఈగ కూడా వేళ తప్పి వాలకూడదు.

ఆవిడ పెట్టిన నల్లమల ఫుట్‌బాల్ క్లబ్బుకు లీగులో అది మొదటి సీజన్. పగలు పత్తి మిల్లుల్లో, మెకానిక్ షెడ్లలో పనిచేసి సాయంత్రం బంతి తన్నే కుర్రాళ్లు. మ్యాచ్‌కు ఇంత అని బత్తా. ఆడిన తొమ్మిది మ్యాచ్‌లూ ఓడిపోయారు. ఓటమి గురించి ఉమామహేశ్వరమ్మకు బెంగ లేదు. మొదటి ఏడాది అందరూ ఓడతారు, సిగ్గులేకుండా మళ్లీ ఆడేవాడే ఆటగాడని ఆవిడ నమ్మకం. బెంగంతా లీగు వాళ్లు పంపిన ఉత్తరం గురించే. సొంత మైదానంలో జరిగే ఆఖరి మ్యాచ్‌కు ఐదు వందల మంది వచ్చి చివరిదాకా కూర్చోకపోతే వచ్చే ఏడాది లీగులో చోటు ఉండదట. తలలు లెక్కపెట్టడానికి పరిశీలకుడు కూడా వస్తాడట. కిందటి మ్యాచ్‌కు వచ్చింది నలభై ఒక్కరు. అందులో టీ అమ్మేవాడు, వాడి బామ్మర్ది కూడా ఉన్నారు.

"అయినూరు మందేంది, వెయ్యి మందిని తెస్తా. మనల్ని ఎట్ల తీసేచ్చారో చూస్తా," అంది ఆవిడ, కెప్టెన్ మద్దిలేటితో. మద్దిలేటి ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే శిల్పి, జట్టుకు గోల్‌కీపరు. మేడమ్ మాటకు తల ఊపడం ఆరో తరగతిలోనే నేర్చుకున్నాడు.

నంద్యాల మైదానంలో ఎగ్జిబిషన్ వేయడంతో మ్యాచ్ ఆళ్లగడ్డకు మారింది. కరపత్రాల పని అక్కడి ప్రెస్సు గణేశ్‌కు అప్పజెప్పారు. ఉమామహేశ్వరమ్మ ఫోన్‌లో తేదీ, స్థలం, క్లబ్బు పేరు చెప్పి, క్లబ్బు గుర్తు పంపింది. నంద్యాలంటే తొమ్మిది నందుల సీమ కదా, గుర్తు నంది. గణేశ్ ఇరవై ఏళ్లలో ఎద్దు బొమ్మతో వేసిన కరపత్రాలన్నీ బండలాగుడు పోటీలవే. ఇంకా అడగడానికేముందనుకుని, పాత కరపత్రంలో తేదీ, స్థలం, పిలిచేవాళ్ల పేరు మార్చి, మూడు వేలు కొట్టి, చుట్టుపక్కల బస్టాండులన్నిట్లో పంచి పెట్టాడు.

పదింటికి, సున్నం గీతలు ఇంకా తడిగా ఉండగానే, ఒక ట్రాక్టరు పెద్ద బండను మైదానంలోకి మోసుకొచ్చింది. దాని వెనక కొమ్ములకు రంగు కుచ్చులు కట్టిన ఎద్దుల జత.

"ఏందప్పా ఇది? యాడికి తోలకొస్తాండారు?" అంది ఉమామహేశ్వరమ్మ.

"పోటీకి," అన్నాడు ఎద్దుల పక్కనున్న ముసలాయన. బనగానపల్లె మద్దయ్య. బండలాగుడు పోటీల్లో ఆయన మాట ఎవరూ కాదనరు. "మీరే కదమ్మా పిలిచింది."

కరపత్రం చేతికిచ్చాడు. రాయలసీమ స్థాయి బండలాగుడు పోటీలు, ఆరు పళ్ల విభాగం, వచ్చిన వారికి భోజన వసతి కలదు, ఆహ్వానించువారు నల్లమల క్లబ్బు. ఉమామహేశ్వరమ్మ గణేశ్‌కు ఫోన్ చేసింది.

"ఎద్దు బొమ్మ పంపింది మీరే కదా మేడమ్," అన్నాడతను నొచ్చుకుంటూ. "ఎద్దు బొమ్మ పెట్టుకోని బంతాట ఆడతారని నాకేం తెలుసు?"

పన్నెండయ్యేసరికి ఏడు జతలు వచ్చాయి. వాటి వెనక ఊళ్లకు ఊళ్లు వచ్చాయి. ఆటగాళ్ల పెరుగన్నం ఎద్దుల వాళ్లు తిన్నారు. ఆటగాళ్లకు తలా రెండు అరటిపళ్లు దక్కాయి.

"మైకులో తప్పైందని చెప్పి పంపిచ్చేద్దాం మేడమ్," అన్నాడు మద్దిలేటి.

ఉమామహేశ్వరమ్మ జనం వైపు చూసింది. గోడల మీద, ట్రాక్టర్ల మీద, గేటు మీద కూడా మనుషులే. "పంపిచ్చేదా? లీగోళ్లు తలకాయలు అడిగినారు, వచ్చినాయి. ఎద్దుల కోసం వచ్చినాయా, బంతి కోసం వచ్చినాయా అని ఉత్తరంలో యాడన్నా రాసిండాదా?"

మ్యాచ్ ముందు, ఎద్దులు తర్వాత అని ఆవిడ మద్దయ్యకు చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు.

"ఎవురు ముందు, ఎవురు ఎనకనేది చీటీ చెప్పల్ల టీచరమ్మా. మా కాడ అంతే."

ఏడు జతలకు ఏడు చీటీలు, మ్యాచ్‌కు ఒకటి. ఎనిమిదీ చెంబులో వేసి తీశారు. మ్యాచ్‌కు నాలుగో చీటీ వచ్చింది. ఒక్కో జతకు ఇరవై నిమిషాలు, తర్వాతి జతను బండకు కట్టడానికి పది. రెండింటికి మొదలుపెడితే మ్యాచ్ వేళకు సరిపోతుంది. ఐదో చీటీ వచ్చినతను తన ఎద్దులు అంతసేపు ఎండలో కాచుకోలేవని, ముందుకు మార్చమని బతిమాలాడు.

"చీటీ తీసినాక వరస మార్చేది ల్యా," అంది ఉమామహేశ్వరమ్మ బడిలో గంట కొట్టినంత ఖచ్చితంగా. "ఎవురికైనా ఒగటే."

"నాయమైన మాట," అన్నాడు మద్దయ్య.

రెండింటికి లీగు పరిశీలకుడు ప్రభాకర్ విజయవాడ నుంచి రిజిస్టరుతో దిగాడు. "ఈ ఎద్దులేంటి మేడమ్?" అన్నాడు గేటు దగ్గరే నిలబడిపోయి.

"ఈడ మ్యాచ్‌కు ముందర ఎద్దులు రావల్ల సార్. పద్ధతి."

ఆయన స్థానిక సంప్రదాయం అని రాసుకున్నాడు. అప్పటికి ఆటగాళ్లు ఒళ్లు వేడెక్కేలా పరుగులు తీస్తున్నారు. పళ్లు చూసి ఎద్దుల వయసు కట్టే ఒక రైతు వాళ్లను ఎగాదిగా చూసి, మద్దిలేటిని పిలిచి, "ఈళ్లంతా ఏ పళ్ల విభాగమప్పా?" అని అడిగాడు.

"పాలపళ్లే పెద్దాయనా. ఇదే మొదుటేడాది."

పోటీ సున్నం గీతకు అవతల, మైదానం పొడుగునా మొదలైంది. మొదటి చీటీ ఆత్మకూరు జతది. బండ కదలకముందే కాడి విరిగింది. రెండో జత బాగా లాగింది. మూడోది మద్దయ్య జత. అది ఇంకా బాగా లాగుతుండగా, రిఫరీ తన విజిల్ పలుకుతుందో లేదో చూసుకుందామని గట్టిగా ఊదాడు. ఎద్దులు బెదిరాయి. బండతో సహా అడ్డం తిరిగి, గీతలు చెరుపుకుంటూ మైదానంలోకి వచ్చి, సరిగ్గా గోలు ముందు ఆగాయి. అక్కడికి వాటి ఇరవై నిమిషాలూ అయిపోయాయి. టైము మూడూ ఇరవై.

పదిహేను క్వింటాళ్ల బండ. మద్దిలేటి నిలబడాల్సిన చోట అది కూర్చుంది. కోస్తా నుంచి వచ్చిన ఎదుటి జట్టు కోచ్ పరుగున వెళ్లి పరిశీలకుడి చెవిలో ఏదో చెప్పాడు. ప్రభాకర్ గడియారం చూసుకున్నాడు.

"పది నిమిషాల్లో ఆ రాయి తీయాలి మేడమ్. లేకపోతే మ్యాచ్ రద్దు. అప్పుడు జనం ఎంతమంది ఉన్నా లాభం లేదు, మీ చోటు పోయినట్టే."

ఉమామహేశ్వరమ్మ మద్దయ్య దగ్గరకు ఉరికింది. "బేగా నీ ఎద్దులతో పక్కకు లాగిచ్చు నాయనా."

"నా వంతు అయిపాయ కదమ్మా."

"ఐదో చీటీ వాళ్లు రారా?"

"నాలుగోది కాకుండా ఐదోది యాట్ల వచ్చాది? వరస మార్చేది ల్యాదని నువ్వే చెప్తివి. నాలుగో చీటీ మీదే. పోటీ జరిగేటప్పుడు బండకు ట్రాక్టరు కట్టేది ల్యా. బండ మీరే లాగల్ల."

ఎవరో ఆ మాటను మైకులో కూడా చెప్పారు. జనం ఈలలు వేశారు. ఇన్నేళ్లలో ఉమామహేశ్వరమ్మ మాటను ఆవిడకే అప్పజెప్పిన వాళ్లు లేరు. కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక కొంగు బిగించి నడుముకు చెక్కుకుంది.

"లాగుతాం. తాడు తేండి."

"రాయి సంగతి నాకొదిలిపెట్టండి మేడమ్," అన్నాడు మద్దిలేటి. సీజన్ మొత్తంలో అతని గొంతులో అంత ధైర్యం పలకడం అదే మొదలు. "దినామూ చేస్తాండే పనే." బండకు ముందు నేల మీద నాలుగు బిందెల నీళ్లు కొట్టించాడు. పద్నాలుగు మందిని రెండు వరసలుగా తాడుకు నిలబెట్టాడు. అందరికంటే ముందు, నోట్లో పాత బడి విజిల్‌తో, ఉమామహేశ్వరమ్మ.

విజిల్ మోగింది. బండ కదల్లేదు. మళ్లీ మోగింది. ఇద్దరు ముగ్గురు జారి బురదలో పడ్డారు. అది చూసి కోస్తా జట్టు పగలబడి నవ్వింది.

అదే వాళ్లు చేసిన పొరపాటు. అంతదాకా జనానికి నల్లమల క్లబ్బు ఎవరో తెలియదు. బండ ముందు నిలబడిన వాళ్లను చూసి పరాయి ఊరి వాళ్లు నవ్వడం మాత్రం తెలిసింది. ట్రాక్టర్ల మీద వాళ్లు కిందికి దూకారు. మద్దయ్య తువ్వాలు గాల్లో తిప్పుతూ, తన ఎద్దుల్ని అదిలించినట్టే అరిచాడు. "హేయ్! పట్టు! విడవాకు! పట్టు!" మైదానమంతా అదే అరుపు అందుకుంది. మూడోసారి విజిల్ మోగింది. బండ ఒక మూరెడు జరిగింది. ఆ తర్వాత ఆగలేదు. గీత దాటి అవతలికి వెళ్లాకే ఆగింది. మద్దయ్య టేపు పెట్టి కొలిచి, ముప్పై ఒక్క అడుగులని మైకులో చెప్పించాడు. టైము మూడూ ఇరవై తొమ్మిది.

మ్యాచ్ మూడున్నరకే మొదలైంది. బురద కొట్టుకుపోయిన బట్టలతో, అరటిపళ్లు తిన్న కడుపులతో మన వాళ్లు రెండు గోల్స్ తేడాతో ఓడిపోయారు. కానీ ఒక్కరు కూడా లేచి వెళ్లలేదు. బంతి ఎటు పోతే గోలో సగం మందికి తెలియదు. తెలియకపోయినా, మన వాడి కాలికి బంతి తగిలినప్పుడల్లా "పట్టు! విడవాకు!" అని గొంతులు చించుకున్నారు. మద్దిలేటి ఒక పెనాల్టీ ఆపినప్పుడు మద్దయ్య గాల్లోకి విసిరిన తువ్వాలు చీకటి పడేదాకా దొరకలేదు.

ప్రభాకర్ రెండు వేల నూటపది అని రాసి కింద సంతకం చేశాడు. వెళ్లబోతూ ఆగి, "మేడమ్, ఆటగాళ్లు రాయి లాగడం కూడా ఇక్కడి పద్ధతేనా?" అని అడిగాడు.

"ఈ పొద్దుటి నుంచి," అంది ఉమామహేశ్వరమ్మ. "వచ్చే ఏడు కూడా లాగుతాం. రాసుకోండి."

ఆయన అది కూడా రాసుకున్నాడు. చోటు నిలబడింది. మిగిలిన నాలుగు జతలూ పొద్దు గుంకినాక కూడా ట్రాక్టర్ల లైట్ల వెలుగులో బండ లాగాయి. మొదటి బహుమతి మద్దయ్య జతకు వచ్చింది. బహుమతిగా ఒక రాతి నందిని తనే చెక్కి ఇస్తానని మద్దిలేటి మాటిచ్చాడు. తర్వాత మద్దయ్య కళ్లజోడు పెట్టుకుని ఫలితాలన్నీ వరసగా చదివాడు. ఆఖరున, సున్నా అడుగులతో, కాడి విరిగిన ఆత్మకూరు జత. దానికి పైన, ముప్పై ఒక్క అడుగులతో, ఏడో స్థానంలో నల్లమల ఫుట్‌బాల్ క్లబ్బు.

ఆ సీజన్ మొత్తంలో క్లబ్బు పేరు అట్టడుగున లేని పట్టిక అదొక్కటే.