గేర్‌బాక్సుకు చెమట పట్టదు

దేవుడు మనిషికి చెమటనిచ్చాడు, గేర్‌బాక్సుకు ఇవ్వలేదు. సృష్టిలో జరిగిన ఈ ఘోరమైన అన్యాయాన్ని ఇన్ని యుగాలుగా జ్ఞానులెవరూ పట్టించుకోలేదు. పట్టించుకుని, సరిదిద్దినవాడు కువైట్‌లో, సాల్మియాలో ఉన్నాడు. పేరు ధారి. తండ్రి మిగిల్చిన అయిదంతస్తుల భవనం అతని ఆస్తి. ఆ భవనం ముందు, రేకుల పందిరి కింద నిలబడే ఎర్ర కారు అతని ప్రాణం.

పాఠకులారా, ఆ కారును తేలిగ్గా తీసుకోకండి. దానిది ఆరువందల గుర్రాల బలం. గేర్లు తనంతట తానే మార్చుకుంటుంది. ఆ నేర్పంతా గేర్‌బాక్సు లోపల తిరిగే నూనె పుణ్యం. నూనె కాగితే గేర్లు జారుతాయి. మరీ కాగితే మాడువాసన వస్తుంది. ఆ తరువాత మిగిలేవి ఇనుమూ, కన్నీళ్లూ.

ధారి ఆ మాడువాసన చూసినవాడు. పోయిన జూలైలో సముద్రపు ఒడ్డు రోడ్డు మీద, కదలని వాహనాల నడుమ, కారు ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. అతను కిందికి దూకి, తలగుడ్డ తీసి, నడిరోడ్డు మీద బానెట్టుకు విసరసాగాడు. ఆ సాయంత్రం అతని దివానియాకు, అంటే మగవాళ్లు కాళ్లు చాపుకుని కబుర్లాడే ఆ గుమ్మం పక్క గదికి, మిత్రులందరూ పరామర్శకు వచ్చారు. కాఫీ తాగి, గొంతు తగ్గించి, "ఇప్పుడెలా ఉంది?" అని అడిగారు. అదే వారం మేడ మీద ఉండే ధారి తల్లికి మోకాలి ఆపరేషన్ అయింది. ఆ ఊసు ఒక్కరూ ఎత్తలేదు. వారిని తప్పుపట్టగలమా? మోకాలికి ఏపాటి వేగం ఉంటుంది?

ఆ వచ్చినవారిలో ముత్లఖ్ ముఖ్యుడు. కార్ల విషయంలో అతని మాట వేదం.

"కంపెనీవాడు పెట్టిన, నూనె చల్లబరిచే కూలరు చలిదేశాల కోసంరా. మన ఎండకి అది ఏ మూలకి?" అన్నాడు. "విడిగా పెద్దది ఇంకోటి పెట్టించు. దానికో ఫ్యాను. కళ్లెదుట వేడి చూపే మీటరు ఒకటి. లేదంటే వచ్చే వేసవికి దీన్ని తూకానికి అమ్ముకోవాల్సిందే."

పెట్టించాడు. కారు ముందు భాగంలో పలకలు పలకలుగా, తళతళలాడే కూలరు. అందులోంచి పోయి చల్లబడి వచ్చే నూనె. అంతేనా? నూనె మరీ చల్లబడ్డా గేర్‌బాక్సు ఒంటికి పడదట. అందుకని సరిగ్గా కావలసినంత వెచ్చదనం నిలిపే కవాటం కూడా ఒకటి! ఇంత సున్నితంగా అర్థం చేసుకున్నవారు ఉంటే మన ఇళ్లలో సగం తగవులు పుట్టేవే కావు.

ఆ మీటరు వచ్చాక ధారి జీవితానికి ఒక క్రమం ఏర్పడింది. ముల్లు ఆకుపచ్చలో ఉంటే నవ్వేవాడు. పసుపులోకి వస్తే మాట్లాడటం మానేసేవాడు. చెల్లెలి పెళ్లి ఊరేగింపులో ముల్లు కాస్త పైకి జరిగిందని, పెళ్లికూతురితో సహా కార్లన్నింటినీ రోడ్డు పక్కకు తీయించాడు. డోళ్లు ఆగాయి. పెళ్లికొడుకు, కొత్త బావగారి మనసు గెలవాలని కాబోలు, తన బంగారు అంచు అంగవస్త్రంతో కూలరుకు స్వయంగా విసిరాడు. ముల్లు దిగాకే ముహూర్తం కుదిరింది. ఇంతకన్నా శుభశకునం ఉంటుందా?

ఇంత మహత్తు ఎదుట ఒక్క మనిషి మాత్రం ముఖం ముడుచుకుంది. ఆమె ధారి మేనత్త సబీకా. బాలికల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, మొదటి అంతస్తులో విశ్రాంతి తీసుకుంటున్నదని అందరూ అనుకునేవారు. ఆమె మాత్రం అనుకోలేదు.

ఆమె గొడవ బయ్యూమీ గురించి. బయ్యూమీ ఆ భవనపు కాపలాదారు, ఎగువ ఈజిప్టువాడు. మెట్ల కింద, పడమటి ఎండకు ఎదురుగా, ఇనుప తలుపున్న గదిలో ఉంటాడు. ఆ గది ఏసీ కిందటేడే చచ్చింది. ఆ వేసవిలోనే అతను నీళ్ల బకెట్టుతో సహా మెట్ల మీద కుప్పకూలాడు. ఇంకొక్కసారి ఇలా ఎండదెబ్బ తగిలితే బతకడం కష్టమని ఆసుపత్రిలో చెప్పి పంపారు. ఇప్పుడు మళ్లీ వేసవి వచ్చింది.

"ధారీ, అతని గదికి ఏసీ ఎప్పుడు పెట్టిస్తావు?" అని ఆమె అడిగింది.

"పెట్టిద్దాం అత్తయ్యా, దేవుడి దయవల్ల."

"దేవుడి దయ పోయినేడు కూడా ఉంది. నీ దయ సంగతి అడుగుతున్నాను."

"అదేంటత్తయ్యా అలా అంటారు? మిట్టమధ్యాహ్నం బయట పని చేయించకూడదని చట్టం ఉంది. నేనెప్పుడైనా చేయించానా? ఊరికే కూర్చుంటాడు."

"ఆ పొయ్యిలోనా?"

"వాళ్ల ఊళ్లో ఇంతకన్నా ఎండలు. అలవాటైన ఒళ్లు. అయినా వాడికి చెమట పడుతుందిగా" అన్నాడు ధారి, నిజంగానే ఓదార్పుగా. "నా బండికి అది కూడా లేదు పాపం."

ఈ వాదంలో లోపం ఎక్కడుందో చూపించమనండి ఎవరినైనా! సబీకా కూడా చూపించలేదు. "కారుకి కొత్తది పెట్టించి తీసేసిన పాత మీటరు ఒకటి ఉండాలిగా, ఇలా ఇవ్వు" అంది.

మీటరు ఇస్తే అత్త గొడవ మాని వెళ్లిపోతుందని ధారి ఆశ. ఆమె ముత్లఖ్‌ను పిలిపించి, దాన్ని బయ్యూమీ తలుపుకు బయటివైపు బిగించమంది. వేడిని పసిగట్టే తీగ గదిలోపల, ముల్లు దివానియా కిటికీకి ఎదురుగా. కింద ఒక చిన్న బ్యాటరీ.

"ఎర్రగీత ఎక్కడ పెట్టమంటారు అత్తయ్యగారూ?" అన్నాడు ముత్లఖ్. "గేర్‌బాక్సుకైతే నిద్రలో లేపినా చెప్తాను. మనిషికెంతో నాకు తెలీదే."

దివానియా కిటికీలోంచి తొంగిచూస్తున్నవాళ్లనూ అడిగాడు. ఎవరికీ తెలియదు.

"మీ గదిలో ఎంత వేడెక్కితే మీరు ఏసీ వేసుకుంటారో, అక్కడ పెట్టు" అంది సబీకా.

అతను పెట్టాడు. ముల్లు లేచి, పసుపును దాటి, ఎర్రగీతను తాకి, ఆ చివరికంటా పోయి వణుకుతూ నిలబడింది. మీటరు కీచుమనడం మొదలుపెట్టింది.

ఆ మధ్యాహ్నం దివానియాలో ఎవరికీ టీ గొంతు దిగలేదు. ధారి కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ చూశాడు. ఎర్రలో ఉన్న ముల్లును చూస్తూ ఊరుకోవడం అతని రక్తంలోనే లేదు.

"ఒరే, అది అలాగే ఉంటే లోపలిది కాలిపోతుందిరా" అన్నాడు ముత్లఖ్.

లోపలిది ఏదో ఎవరూ అడగలేదు. అందరూ ఒక్కసారిగా లేచారు. ఒకడు ఏసీ తెచ్చాడు, ఇంకొకడు గోడకు కన్నం కొట్టాడు, పడమటి తలుపుకు వేడిని ఆపే వెండిరంగు రేకు అతికించారు. పొద్దు వాలేలోగా ముల్లు ఆకుపచ్చలోకి దిగింది. చప్పట్లు కొట్టారు, ఫొటోలు తీసుకున్నారు. గది మధ్యలో ఇరుక్కుపోయిన బయ్యూమీని, ఫొటోకు అడ్డం వస్తున్నాడని కాస్త పక్కకు జరగమన్నారు.

మర్నాడు బయ్యూమీ పైకొచ్చి సబీకాకు సలాం చేశాడు. "అమ్మగారూ, నిన్న చాలా రోజులకి దుప్పటి కప్పుకున్నాను" అన్నాడు. ఆమె తల మాత్రం ఊపింది. గెలుపును అంత త్వరగా నమ్మే స్త్రీ కాదు ఆమె.

నమ్మకపోవడమే మంచిదైంది. మరుసటి వారం ధారి తెప్పించుకున్న కొత్త గేర్‌బాక్సు, పాతదానికన్నా బలమైనది, చెక్కపెట్టెలో దిగింది. బిగించడానికి ఇంకా వ్యవధి ఉంది. ఈ లోపల దుమ్ము పడని, వేడి తగలని చోటు కావాలి. భవనంలో అలాంటి చోటు ఏది? ధారి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పెట్టె గదిలోకి వెళ్లింది. మంచం బయటికి వచ్చింది.

సబీకా కిందికి దిగేసరికి ముల్లు ఆకుపచ్చలో పచ్చగా ఉంది.

"చూశారా అత్తయ్యా, వెంట్రుకవాసి కదల్లేదు" అన్నాడు ధారి గర్వంగా.

"బయ్యూమీ ఏడీ?"

"అదుగో, అక్కడే. దానికి కాపలా కాస్తున్నాడు."

గోడవార, సగం నీడలో, కుర్చీలో బయ్యూమీ ఉన్నాడు. ముఖం ఇటుకరంగులో ఉంది. పెదవులు ఎండిపోయాయి. సబీకాను చూసి లేవబోయి, లేవలేక, కుర్చీ చేతులు పట్టుకున్నాడు.

ఆమె నేరుగా గది దగ్గరికి నడిచింది. తలుపుకున్న మీటరును ఊడదీసింది. లోపలి తీగను లాగేసింది. మీటరు, తీగ, బ్యాటరీ అన్నింటినీ కలిపి తన తలగుడ్డ అంచు చింపి దానితో కట్టి, బయ్యూమీ మెడలో వేసింది. ముల్లు లేచింది. పసుపు దాటింది. ఎర్రలో చివరికంటా పోయి వణకసాగింది. కీచుమనే మోత వీధి దాకా వినబడింది.

ధారి చేతిలో టీ గ్లాసు ఉంది. అతనికి బయ్యూమీ కనబడలేదు, ముల్లు కనబడింది.

"ఎర్రలోకొచ్చేసింది, లోపలికి పట్టండ్రా, ముందు లోపలికి!" అని అరుస్తూ పరుగెత్తాడు. దివానియాలోంచి వచ్చిన నలుగురూ అతన్ని కుర్చీతో సహా ఎత్తారు. గుమ్మంలో చెక్కపెట్టె అడ్డం వచ్చింది. ధారి దాన్ని చూశాడు, ముల్లును చూశాడు. జీవితంలో మొదటిసారి గేర్‌బాక్సును తన చేతులతో ఎండలోకి తోశాడు. అప్పుడు, వంగినవాడు వంగినట్టే ఉండి, మీటరు వెనకున్న ముఖాన్ని చూశాడు.

"నీళ్లు తెండ్రా" అన్నాడు. ఈసారి అరవలేదు.

కనుక, పాఠకులారా, గేర్‌బాక్సు కూలరు మానవజాతికి వరమని మరొక్కసారి మనవి చేస్తున్నాను. బయ్యూమీ మెడలో ఇప్పటికీ ఆ మీటరు ఉంది. తన గదిలో, తన మంచం మీద, ఆకుపచ్చలో ఉన్నాడు. ఆ వీధిలో అటువైపు ఇంకా ఎన్నో భవనాలున్నాయి. ప్రతి భవనం ముందూ గోడవార ఒక కుర్చీ ఉంది, కుర్చీలో ఒక మనిషి ఉన్నాడు. వారి మెడల్లో ఏమీ లేదు. వారికి చెమట మాత్రమే పడుతుంది.