ముళ్లపందికి దొరికిన తోడు

ఒక పెద్ద అడవిలో అంతకంటే పెద్ద సంఘం ఒకటి ఉండేది. దాని అధ్యక్షుడు ఎలుగుబంటి, అంటే మా ఆయన. ఒక మహిళా సభ్యురాలు ఉండి తీరాలన్నారు కాబట్టి ఆయన అడవంతా గాలించి నన్ను ఎంపిక చేశాడు.

ఆ రోజుల్లో అడవిలో ఒక జబ్బు పాకుతోంది. జతకూడితే అంటుకునే జబ్బు. పేరు పలికితే నోరు పాడవుతుందని అందరం దాన్ని 'అదే' అనేవాళ్లం. 'అదే' రాకుండా కాపాడటానికి కొండముచ్చులు ముందుకొచ్చాయి. ప్రమాదంలో ఉన్న ఒక్కో జంతువుకూ ఒక్కో కొండముచ్చు తోడుంటుంది. జాగ్రత్తలు చెబుతుంది, పరీక్షకు తీసుకెళ్తుంది, విన్నది కడుపులో దాచుకుంటుంది. కానీ కొండముచ్చులు ఉన్నవి కొన్నే. ఎవరికివ్వాలో సంఘం తేల్చాలి.

"ప్రమాదంలో ఉన్నవాళ్లు లేచి నిలబడండి!" అన్నాడు మా ఆయన నిండు సభలో.

అందరూ ఆకాశంలోకి చూశారు. పునుగుపిల్లి ఒక్కతే లేచింది.

"నాకు ఇద్దరు ముగ్గురు స్నేహితులున్నారు బాబయ్యా. వాళ్లలో ఒకడు ఈమధ్య చిక్కిపోతున్నాడు. నాకు రాకముందే ఒక తోడునివ్వండి."

"చెప్పుకోవడానికి సిగ్గు లేదూ?" అంది సంఘ సభ్యుడైన ముళ్లపంది.

"ఉందయ్యా. భయం అంతకంటే ఎక్కువుంది."

"ఎవరా స్నేహితుడు?" అని నేనడిగాను, సంఘసేవలో భాగంగానే.

"పేరెందుకు లెండమ్మా. పెద్దవాడు. వచ్చినప్పుడల్లా తేనెపట్టు తెస్తాడు."

మా ఆయనకు దగ్గొచ్చింది. మా ఇంట్లో తేనె కనబడి చాలా కాలమైంది. ఆ ఏడు పూలు సరిగా పూయలేదనుకున్నాను.

మహిళా సభ్యురాలిగా నేనూ ఒక మాట అనాలి కదా. "ముందు ఆ తిరుగుళ్లు మానేసి రా అమ్మా, అప్పుడు చూద్దాం" అన్నాను. చప్పట్లతో సభ దద్దరిల్లింది.

"మానేస్తే ఇంక తోడెందుకమ్మా?" అంది పునుగుపిల్లి.

నేను వెంటనే భోజనాల వేళయిందని ప్రకటించాను.

భోజనాలయ్యాక నిబంధన పెట్టాం. తోడు కావాలంటే నడవడిక మంచిదని ఇద్దరు పెద్దలు సాక్ష్యం చెప్పాలి. ఆ లెక్కన మొదటి తోడు ముళ్లపందికే దక్కింది. దాని దగ్గరికి పెళ్లామే రాదు. రెండోది తాబేలుకు. అది డిప్పలోంచి తలే బయటపెట్టదు. ముళ్లపందికి తోడున్న కొండముచ్చు రోజూ ఒంట్లో ముళ్లు పీక్కుంటూ ఇల్లు చేరేది.

ఏడాది తిరిగింది. తోడు పొందినవాళ్లలో ఒక్కరికీ 'అదే' రాలేదు. మా దండలు మేమే వేసుకున్నాం.

దండ మెడలో ఉండగానే మా ఆయన కూలబడ్డాడు. వైద్యం చేసే గుడ్లగూబ చూసి, "అదే" అంది.

నేను సంఘానికి పరుగెత్తాను. అప్పటికే అధ్యక్షుడి కుర్చీలో ముళ్లపంది కూర్చుంది.

"నాకో తోడు కావాలయ్యా."

"మీకేం ప్రమాదమమ్మా? మీరు సంసారులు."

"ఆ సంసారమే కదయ్యా ప్రమాదం!"

"అయితే ముందు అది మానేసి రండి, అప్పుడు చూద్దాం." నా మాటను నాకే అప్పజెప్పింది.

గుడ్లగూబ చెట్టు కింద పరీక్షకు వచ్చినవాళ్లూ మందులకు వచ్చినవాళ్లూ ఒకే వరసలో ఉన్నారు. మందులకు వచ్చినవాళ్లలో పునుగుపిల్లి ఉంది, చిక్కి సగమై. నేను వెనక్కి తిరగబోతుంటే పక్కకు జరిగి చోటిచ్చింది.

"కూర్చోండమ్మా. ఇక్కడ సాక్ష్యాలడగరు."

కూర్చున్నాను. తేనె ఎలా ఉండేదని అడగబోయి ఊరుకున్నాను.

నీతి లేనిదే కదలనంటారా, వినండి: అర్హత అడక్కుండా అందరికీ అందే పథకం జబ్బొక్కటే.