ఎలుగుబంటికి బెల్టెందుకు

శనివారం ఉదయం ఎనిమిది కాకముందే డెల్బర్ట్ నాలుగు బ్రెడ్డు ముక్కలు కాల్చుకుని, జామ్ సీసా పక్కన పెట్టుకుని, కంప్యూటరు ముందు కూర్చున్నాడు. చొక్కా జేబులో ఒక చీటీ ఉంది. ఇవాళ అడగబోయే మాట అందులో రాసుకున్నాడు. యాభై ఏడేళ్ళ మనిషి ఒక్క మాట అడగడానికి చీటీ రాసుకోవాలా అని మీరు నవ్వొచ్చు. మీరెప్పుడూ లైల్ కింద పని చేసి ఉండరు.

విస్కాన్సిన్‌లో నది ఒడ్డున వాళ్ళ కాగితపు మిల్లు మూతపడి ఆరేళ్ళయింది. అక్కడ లైల్ మేస్త్రీ. వెర్నా గుజ్జు నాణ్యత పరీక్షించేది. ఆర్లో బండి మీద కాగితపు చుట్టలు మోసేవాడు. డెల్బర్ట్‌ది మాత్రం ఫలానా పని అని చెప్పడానికి లేదు. ఎవరు రాకపోతే వాళ్ళ యంత్రం దగ్గర నిలబడేవాడు. అన్ని యంత్రాలూ నడపడం వచ్చు కాబట్టి ఏ యంత్రమూ అతనిది కాలేదు. పై ఉద్యోగం ఖాళీ అయినప్పుడల్లా "నిన్నక్కడ కట్టేస్తే మిగతావి ఎవడు చూస్తాడురా?" అనేవాడు లైల్. అది పొగడ్తేనని డెల్బర్ట్ చాలాకాలం నమ్మాడు.

మిల్లు పోయాక నలుగురూ నాలుగు ఊళ్ళు పట్టారు. శనివారం పొద్దున మాత్రం చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒక ఆటలో కలుస్తారు. నలుగురూ ఒక దండుగా బయలుదేరి, రాక్షసుల్ని కొట్టి, కోటలు పట్టే ఆట. లైల్ కత్తివీరుడు, వెర్నా మంత్రగత్తె, ఆర్లో విలుకాడు. డెల్బర్ట్ రూపాలు మార్చేవాడు. దెబ్బలు కాయాలంటే ఎలుగుబంటి, కన్నంలో దూరాలంటే ఎలుక. ఎదురుగా కనిపించిన మనిషి రూపం కూడా ఎత్తగలడు. భార్య వెళ్ళిపోయినప్పటి నుంచి వారం మొత్తం మీద అతని పేరు పెట్టి పిలిచేది ఆ మూడు గొంతులే.

అయితే దొరికిన సొమ్ములు పంచుకునేటప్పుడు ఎలుగుబంటికి వాటా రాదు. జంతువుకి కవచం పట్టదు, కత్తి ఆగదు, ఉంగరం ఎక్కదు. "ఎలుగుబంటికెందుకురా?" అని లైల్ ఒక్క మాట అంటే పంపకం ముగిసేది. పదకొండు నెలల్లో డెల్బర్ట్‌కి దక్కింది ఒక టోపీ, అదీ చిరిగింది. రూపాలు మార్చేవాడికి పనికొచ్చే వస్తువు ఆ ఆట మొత్తంలో ఒక్కటే ఉంది. ఏ రూపంలో ఉన్నా మనిషిలా మాట్లాడనిచ్చే తోలు బెల్టు. అది ఇవాళ వెళ్ళబోయే రాణి బురుజులో ఉంది. చీటీలో రాసింది ఇదే: "మేస్త్రీ, ఆ బెల్టు నాకు కావాలి."

"అందరూ వచ్చారా?" అన్నాడు లైల్. "ఇవాళ రాణితో ఆఖరి పోరు. నలుగురం చచ్చామా, పదకొండు నెలల ఆట మొత్తం చెరిగిపోతుంది. జాగ్రత్త. ఇంకో సంగతి, తలల మీద పేర్లు కనపడకుండా తీసేశాను. అవి ఉంటే పిల్లకాయల ఆటలా ఉంటోంది."

"మరి మనోళ్ళెవరో, పగోళ్ళెవరో ఎట్లా తెలుస్తుంది?" అంది వెర్నా.

"మొహాలు చూసి. ఇన్నాళ్ళ నుంచి ఆడుతున్నాం, ఆమాత్రం తెలీదా?"

తెర అంచున నలుగురి ప్రాణం ఎంతుందో చూపే గీతలు మాత్రం మిగిలాయి.

"మేస్త్రీ," అన్నాడు డెల్బర్ట్ జేబు తడుముకుంటూ, "ఒక్క మాట..."

"తర్వాత చెబుదువుగాని. ఎలకవై తలుపు కింద నుంచి దూరి, లోపల ఎంతమందున్నారో చూసి రా."

"డెల్బర్ట్, నువ్వా బ్రెడ్డు తినేట్టయితే మైకు ఆపేసుకో," అంది వెర్నా. "నా చెవిలో కూర్చుని నములుతున్నట్టుంటుంది."

డెల్బర్ట్ హెడ్‌ఫోన్ తీగ మీదున్న స్విచ్చు పక్కకు జరిపి, ఎలుకై లోపలికి దూరాడు. లోపల నల్ల టోపీ పెట్టుకున్న కాపలావాడొకడు తిరుగుతున్నాడు. వాడి వెనక పెట్టె ఉంది. ఎలుక పెట్టె తెరవలేదు. సొంత రూపానికి వస్తే కాపలావాడు గంట కొడతాడు. అందుకని వాడి రూపమే ఎత్తి, వాడి ముందే దర్జాగా పెట్టె తెరిచాడు. అడుగున బెల్టు ఉంది. ఇక అడుక్కోవడమెందుకు, "దొరికింది మేస్త్రీ" అంటే చాలు. ఆ సంబరంలో తను ఎవరి మొహంతో ఉన్నాడో మరిచిపోయి, తలుపు బార్లా తీసుకుని బయటికొచ్చాడు.

మొదటి బాణం భుజంలో దిగింది.

"కాపలావాడు!" అని అరిచాడు ఆర్లో. "మేస్త్రీ, బయటికొచ్చేశాడు!"

"ఒరే, నేనేరా!" అని డెల్బర్ట్ గోడలకు చెప్పుకున్నాడు. మైకు ఆపి ఉంది. గుర్తుపడతారని తెర మీద నాలుగుసార్లు ఎగిరాడు.

"ఎగురుతున్నాడు చూడండి, వెధవ! మనల్ని వెక్కిరిస్తున్నాడు," అంది వెర్నా. నిప్పు విసిరింది.

రూపం విడిచేద్దామంటే దెబ్బలు పడుతుండగా ఆట ఒప్పుకోదు. డెల్బర్ట్ జామ్ వేళ్ళతో స్విచ్చు కోసం తీగంతా తడమసాగాడు.

"మేస్త్రీ! డెల్బర్ట్ గీత చూడండి! సగానికి పడిపోయింది!" అన్నాడు ఆర్లో.

"లోపల వాణ్ణెవడో కొడుతున్నాడు," అన్నాడు లైల్. "ముందు ఈ తలుపు దగ్గరోణ్ణి లేపేస్తేగాని లోపలికెళ్ళలేం. గట్టిగా కొట్టండి!"

గట్టిగా కొట్టారు.

"అయ్యో, ఇంకా పడిపోయింది!"

"అయితే ఇంకా గట్టిగా!"

"డెల్బర్ట్, ఓర్చుకో నాయనా, వచ్చేస్తున్నాం!" అంటూ వెర్నా డెల్బర్ట్ మొహాన ఇంకో నిప్పు విసిరింది.

అప్పటికి స్విచ్చు దొరికింది. జరపబోతుండగా లైల్ గొంతు వినిపించింది. ఆ గొంతులో అంతకు ముందెన్నడూ వినని వణుకు ఉంది.

"వాడు పోతే మనం మిగిలి ఏం లాభం? మిల్లులో కూడా అంతే. వాడొక్కరోజు రాకపోతే నా చెయ్యి విరిగినట్టుండేది. ఒక్కసారన్నా చెప్పిన పాపాన పోలేదు నేను."

డెల్బర్ట్ వేలు ఆగిపోయింది. మిల్లులో చేరినప్పటి నుంచి ఇరవై ఆరేళ్ళ పాటు ఎదురుచూసిన మాట అది. ఇప్పుడు తను నోరు తెరిస్తే ఆ మాట అక్కడే ఆగిపోతుంది. ఇంకొక్క మాట విని జరుపుదామనుకున్నాడు.

"మా ఆవిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నా రాత్రి డ్యూటీలన్నీ వాడే చేశాడు," అన్నాడు ఆర్లో. "థాంక్స్ కూడా చెప్పలేదు నేను."

ఇంకొక్కటి.

"వెర్నా, పిడుగు వదులు!"

"అది రాణి కోసం దాచింది! మళ్ళీ రాదు!"

"డెల్బర్ట్ కంటే రాణి ఎక్కువా? వదులు!"

డెల్బర్ట్ కళ్ళు చెమ్మగిల్లాయి. పిడుగు పడింది.

కాపలావాడి రూపం కరిగి, రాళ్ళ మీద బట్టతల, గుబురు మీసాలు ఉన్న మనిషొకడు వెల్లకిలా పడ్డాడు. పదకొండు నెలల క్రితం గంటసేపు కూర్చుని, డెల్బర్ట్ అచ్చం తనలాగే తయారుచేసుకున్న మొహం అది. తర్వాత ఎలుగుబంటిగానే తిరిగాడు గనక దాన్ని ఎవరూ మళ్ళీ చూడలేదు.

"ఎవడీ ముసలాడు?" అన్నాడు లైల్.

"ఏమో. పాపం, డెల్బర్ట్ గీత కూడా ఇప్పుడే ఆరిపోయింది," అన్నాడు ఆర్లో. "ఈ ముసలాడి దగ్గర ఒక బెల్టుంది. ఏ రూపంలో ఉన్నా మాట్లాడొచ్చట."

"మనకెందుకది?"

"డెల్బర్ట్‌కి పనికొచ్చేది."

"వాడే పోయాడు. అవతల పారెయ్."

పిడుగు చప్పుడుకి రాణి దిగి వచ్చింది. ఆమె కోసం దాచిన పిడుగు లేదు, దెబ్బలు కాయడానికి ఎలుగుబంటి లేదు. రెండు నిమిషాల్లో ముగ్గురూ నేల కరిచారు. ఆట చెరిగిపోతూ ఎవరెలా పోయారో ఒక పట్టిక చూపించింది. లైల్ చదివాడు.

"లైల్, రాణి చేతిలో. వెర్నా, రాణి చేతిలో. ఆర్లో, రాణి చేతిలో. డెల్బర్ట్, వెర్నా చేతిలో."

డెల్బర్ట్ స్విచ్చు జరిపాడు.

"మేస్త్రీ, ఆ కాపలావాడు నేనే."

"మా మాటలు నీకు వినిపిస్తూనే ఉన్నాయా?"

"ఆఁ."

"మరి నోరెందుకు తెరవలేదురా?"

స్విచ్చు ఇరుక్కుపోయిందని చెప్పి ఉండవచ్చు. కానీ ఆ మాటలు విన్నాక డెల్బర్ట్‌కి అబద్ధమాడబుద్ధి కాలేదు.

"మీరందరూ నా గురించి మంచిగా చెబుతుంటే, ఇంకాసేపు విందామని..."

వెర్నా దగ్గింది. లైల్ గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ పాత మేస్త్రీ గొంతు వచ్చేసింది.

"అవి నువ్వు చస్తున్నావనుకుని అన్న మాటలురా. బతికున్నోడికి వర్తించవు. వచ్చే శనివారం మళ్ళీ మొదటి నుంచి. నువ్వు ఎలుగుబంటివే. నీ మైకు మాత్రం ఇక ఆగకూడదు. కుదరదంటే ఇప్పుడే చెప్పు, మా బావమరిది నీ చోటు కోసం ఎప్పట్నుంచో అడుగుతున్నాడు," అన్నాడు.

"కుదురుతుంది మేస్త్రీ," అన్నాడు డెల్బర్ట్.

అందరూ వెళ్ళిపోయాక స్విచ్చు మీద టేపు అంటించాడు. లోపల వదులుండి జారుతోంది. సందులో ఏదైనా కుక్కాలని జేబు వెతికితే చీటీ తగిలింది.

నాలుగు మడతలు పెడితే సరిగ్గా సరిపోయింది.